బెల్లానికి మారినా బరువు ఎందుకు తగ్గలేదు?

మీ ప్రశ్న సారాంశం ఇది. రెండేళ్ల క్రితం మీ ఇంట్లో పంచదార పూర్తిగా మానేశారు. టీలోకి బెల్లం పొడి, అబ్బాయి పాలలోకి తేనె, పండుగ పిండివంటల్లోకి తాటి బెల్లం వచ్చాయి. మీవారికి షుగరు వ్యాధి వస్తుందేమోనన్న భయంతో ఆయన కాఫీలో స్టీవియా అనే కేలరీలు లేని ఆకు తీపి వేస్తున్నారు. అయినా ఈ రెండేళ్లలో మీరు నాలుగు కిలోలు, మీవారు ఆరు కిలోలు పెరిగారు. పన్నెండేళ్ల మీ అబ్బాయికి చొక్కాలు పొట్ట దగ్గర బిగుతవుతున్నాయి. "తప్పు బెల్లానిదా, లేక పంచదార వల్ల లావెక్కుతారన్న మాటే అబద్ధమా?" అని అడిగారు.

రెండూ కావన్నది నా సమాధానం. పంచదారకు ఇందులో భాగం లేదని నేను అనను. అయితే ఊబకాయానికి అదొక్కటే కారణమని నమ్మి దాన్ని మాత్రమే తీసేసిన ఇళ్లలో సాధారణంగా రెండు సంగతులు జరుగుతాయి. పంచదార స్థానంలో వచ్చిన తీపి ద్వారా దాదాపు అంతే చక్కెర ఒంట్లోకి చేరుతూ ఉంటుంది. అసలు శత్రువును బయటికి పంపేశామన్న ధీమాతో తక్కిన తిండి మీద అదుపు సడలుతుంది. ఆహార సలహాలిచ్చే వృత్తిలో చాలా ఏళ్లుగా ఉన్నదాన్ని కనుక ఈ వరుసను ఎన్నో కుటుంబాల్లో చూశాను. మీరు నెల సరుకుల పట్టీని కూడా రాసి పంపడం చాలా మేలైంది. దాని ఆధారంగానే మాట్లాడతాను.

ముందు బెల్లం సంగతి చూద్దాం. అనకాపల్లి ప్రాంతంలో బెల్లం వండడం చూసినవారికి దాని స్వభావం సులువుగా అర్థమవుతుంది. చెరకును గానుగలో ఆడించి తీసిన రసాన్ని వెడల్పాటి పెనంలో పోసి, కాస్త సున్నం కలిపి, పైకి తేలిన మడ్డిని ఎప్పటికప్పుడు తీసేస్తూ, నీరంతా ఇగిరి పాకం ముదిరే వరకూ కాచి, చల్లార్చి దిమ్మలు కడతారు. నూరు కిలోల చెరకు నుంచి సుమారు పది కిలోల బెల్లం వస్తుంది. ఫ్యాక్టరీలో అదే రసాన్ని శుద్ధి చేసి, స్ఫటికాలను ఒకవైపుకు, మొలాసిస్ అనే నల్లని చిక్కటి పాకాన్ని మరోవైపుకు విడదీస్తే పంచదార అవుతుంది. అంటే బెల్లం మొలాసిస్ విడిపోని పంచదారే. అందులో సుక్రోజ్, గ్లూకోజ్, ఫ్రక్టోజ్ అనే చక్కెరలు కలిపి ఎనభై శాతం పైమాటే. మిగిలినది కొంత తేమ, కొద్దిపాటి ఖనిజాలు. వంద గ్రాముల పంచదారలో సుమారు 400 కిలోకేలరీలు ఉంటే వంద గ్రాముల బెల్లంలో 350 నుంచి 385 దాకా ఉంటాయి. ఆ కాస్త తేడా తేమ వల్ల వచ్చినది.

బెల్లంలో ఇనుము ఉందన్న మాట నిజమే. ఎంత ఉందో కూడా చూడాలి. వంద గ్రాములకు ఐదు మిల్లీగ్రాములు ఉందనుకుందాం. రోజుకు పది గ్రాముల బెల్లం తిన్నవారికి అర మిల్లీగ్రాము అందుతుంది. భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ కలిసి 2020లో ప్రకటించిన లెక్క ప్రకారం మీ వయసు స్త్రీకి రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. అదంతా బెల్లం నుంచే రావాలంటే రోజుకు అరకిలోకు పైగా తినవలసి వస్తుంది. రక్తహీనతకు విరుగుడుగా బెల్లాన్ని నమ్ముకుని పరీక్షలు, మాత్రలు వాయిదా వేసుకునే స్త్రీలను చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. తోటకూర, పప్పు, శనగలు, వాటిమీద పిండిన నిమ్మరసం, అవసరమైతే వైద్యులు రాసిన ఐరన్ మాత్ర చేసే పనిని బెల్లం ముక్క చేయలేదు.

తేనెలో ఐదో వంతుకు కొద్దిగా తక్కువ నీరుంటుంది, తక్కినదంతా దాదాపుగా ఫ్రక్టోజ్, గ్లూకోజ్. వంద గ్రాములకు సుమారు 300 కిలోకేలరీలు కనుక పంచదార కన్నా తక్కువే కదా అనిపిస్తుంది. కానీ మనం తేనెను తూకం వేసి వాడం, చెంచాతో వేస్తాం. తేనె చిక్కనిది, బరువైనది. చిన్న చెంచాడు పంచదార నాలుగైదు గ్రాములు తూగితే అదే చెంచాలో తేనె ఏడు గ్రాములు తూగుతుంది. కేలరీలు చూస్తే పంచదార 16 నుంచి 20, తేనె 21. పైగా మార్కెట్లో దొరికే తేనె అంతా తేనే అన్న భరోసా కూడా లేదు. ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 2020 డిసెంబరులో వెల్లడించిన పరిశీలనలో, ఎన్‌ఎంఆర్ అనే సూక్ష్మ పరీక్షకు పంపిన 13 బ్రాండ్లలో 10 తప్పాయి. చక్కెర పాకం కలిసిన తేనెను పంచదారకు బదులుగా ఎక్కువ ధర పెట్టి కొనడం ఎంత వృథాయో వేరే చెప్పనక్కర లేదు. తేనె ప్రసక్తి వచ్చింది కనుక ఇదీ చెప్పాలి. పుట్టిన బిడ్డ నాలుక మీద తేనె రాసే అలవాటు మన ఇళ్లలో ఇంకా ఉంది. ఏడాది నిండని పసివాళ్లకు తేనె చుక్క కూడా పెట్టకూడదు, బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు.

తాటి బెల్లం, ఈత బెల్లం, కొబ్బరి చక్కెర కూడా ప్రధానంగా సుక్రోజే. విదేశాల్లో ఆరోగ్యకరమని అమ్మే అగేవ్ అనే మొక్క పాకంలో ఫ్రక్టోజ్ వాటా మరీ ఎక్కువ. అది రక్తంలో గ్లూకోజ్‌ను వెంటనే పెంచదన్నది నిజమే. అయితే ఫ్రక్టోజ్‌లో ఎక్కువ భాగాన్ని కాలేయమే సంభాళించుకోవలసి ఉంటుంది, అధికంగా వచ్చి పడినప్పుడు అందులో కొంత కొవ్వుగా మారుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015 మార్గదర్శకంలో పంచదారతో పాటు తేనె, పాకాలు, పండ్ల రసాలలోని చక్కెరలను కూడా ఒకే గాటన కట్టింది. ఇవన్నీ కలిపి మొత్తం కేలరీలలో పది శాతం దాటరాదని, ఐదు శాతం లోపు, అంటే రోజుకు సుమారు 25 గ్రాములకు పరిమితం చేసుకుంటే ఇంకా మేలని చెప్పింది. బెల్లం కూడా ఆ లెక్కలోకే వస్తుంది. ముదురు రంగు బెల్లం కొంటున్నానని మీరు రాశారు, అది మంచి అలవాటే. పసుపుగా మెరవడం కోసం కొందరు తయారీదారులు హైడ్రోస్ అనే రసాయనం కలుపుతారు, ముదురు బెల్లంలో ఆ అనుమానం తక్కువ. కానీ అది కల్తీకి సంబంధించిన జాగ్రత్త, బరువు విషయంలో దానివల్ల ఒరిగేదేమీ లేదు.

ఇక మీ ఇంటి లెక్కకు వద్దాం. మీరు, మీవారు, అబ్బాయి, అత్తగారు, మొత్తం నలుగురు. రెండేళ్ల క్రితం నెలకు రెండున్నర కిలోల పంచదార వాడేవారు. మనిషికి రోజుకు 21 గ్రాములు, అంటే దాదాపు 83 కిలోకేలరీలు. ఇప్పుడు మూడు కిలోల బెల్లం, అరకిలో తేనె వాడుతున్నారు. మనిషికి రోజుకు 29 గ్రాములు, సుమారు 105 కిలోకేలరీలు. పంచదార మానేసిన ఇంట్లో తీపి పదార్థాల తూకం నలభై శాతం పెరిగిందన్న మాట. దీనికి మిమ్మల్ని తప్పు పట్టను. బెల్లం తీపి పంచదార తీపి కన్నా కొంచెం మందంగా ఉంటుంది కనుక చేయి రెండోసారి డబ్బాలోకి వెళ్తుంది. పైగా "బెల్లమే కదా" అన్న మాట ఇంట్లో అందరికీ అనుమతి పత్రమైపోతుంది. ఊరూరా వెలిసిన బెల్లం టీ దుకాణాల ముందు, బెల్లం పూతరేకులు, బెల్లం జిలేబి అమ్మే అంగళ్ల ముందు నిలబడిన వారిలో చాలామంది పంచదారకు భయపడి అక్కడికి వచ్చినవారే. బియ్యప్పిండి, బెల్లం, నూనె కలిసిన అరిసె ఒకటి తింటే వచ్చే కేలరీలు పంచదార వేసిన రెండు కప్పుల టీ కన్నా ఎక్కువే ఉంటాయి.

అయినా తీపి లెక్కలో పెరిగినది మనిషికి రోజుకు ఇరవై పైచిలుకు కిలోకేలరీలే. మీ కుటుంబంలో పెరిగిన బరువంతటికీ ఇదే కారణమని నేను అంటే అది సరైన మాట కాదు. అందుకే పట్టీలో తీపి కాని వరుసలు చూశాను. నెలకు ఐదు లీటర్ల నూనె ఉంది. లీటరు నూనె 910 గ్రాములు తూగుతుంది కనుక మనిషికి రోజుకు 38 గ్రాములు, అంటే 340 కిలోకేలరీలు. బెల్లం, తేనె కలిపి ఇచ్చే దానికి ఇది మూడింతలు. 2024 మే నెలలో జాతీయ పోషకాహార సంస్థ విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో రోజుకు 2000 కిలోకేలరీల భోజనానికి చూపిన నూనె 27 గ్రాములు. ఆదివారం హోటలు బిర్యానీలో, సాయంత్రం తెప్పించుకునే పునుగుల్లో, బడి డబ్బాలో పెట్టే చేగోడీల్లో ఉన్న నూనె ఈ లెక్కలో లేదు. పంచదార లేదన్న కారణంతో కొత్తగా మొదలుపెట్టిన ఖర్జూరం, జీడిపప్పు, నెయ్యి లడ్డూలు కూడా లేవు. ముప్పై గ్రాముల అలాంటి లడ్డూలో 120 కిలోకేలరీలకు తక్కువ ఉండవు. మంచి పదార్థాలే, కానీ భోజనం తరువాత అదనంగా తింటే ఆ మంచితనం బరువును ఆపదు.

ఎంత చిన్న మిగులు ఎంత బరువుగా మారుతుందో కూడా గమనించండి. ఒక కిలో కొవ్వు కణజాలంలో సుమారు 7700 కిలోకేలరీలు నిల్వ ఉంటాయి. రెండేళ్లలో మీరు పెరిగిన నాలుగు కిలోలను రోజులకు పంచితే, రోజుకు నిల్వలోకి వెళ్లింది నలభై రెండు కిలోకేలరీలు మాత్రమే. అది ఒక చిన్న చెంచాడు నూనె. బరువు పెరిగేకొద్దీ శరీరం చేసే ఖర్చు కూడా పెరుగుతుంది కాబట్టి తిండిలో అసలు పెరుగుదల ఇంతకన్నా ఎక్కువే ఉండి ఉంటుంది. అయినా ఇంత సన్నని తేడా ఏ ఒక్క పదార్థం పేరు మీదా కంటికి కనిపించదు. పంచదారనో, అన్నాన్నో, మైదానో దోషిగా నిలబెట్టే ప్రయత్నాలు ఇందుకే విఫలమవుతూ వస్తున్నాయి.

ఈ చిక్కుముడి మీ ఇంటికే పరిమితం కాదు, అమెరికా దేశమంతా దీన్ని అనుభవించింది. అక్కడ తీపి పదార్థాల సరఫరా తలకు లెక్కన 1999 ప్రాంతంలో శిఖరాన్ని తాకి, ఆ తరువాత తగ్గుముఖం పట్టింది. మన బంధువులు అక్కడి నుంచి ఫోన్లో భయంగా చెప్పే హై ఫ్రక్టోజ్ కార్న్ సిరప్ అనే మొక్కజొన్న పాకం వాడకం కూడా పడిపోయింది. శీతల పానీయాల్లో వాడే ఆ పాకంలో ఫ్రక్టోజ్ 55 శాతం, మామూలు పంచదారలో 50 శాతం కనుక రెండింటికీ పెద్ద తేడా లేదన్నది వేరే విషయం. చక్కెర తగ్గింది, ఊబకాయం తగ్గలేదు. 1999-2000లో అక్కడి పెద్దల్లో 30.5 శాతం ఊబకాయులైతే 2017-18 నాటికి 42.4 శాతం అయ్యారు. దీన్ని చూపించి చక్కెరకూ లావుకూ సంబంధమే లేదని వాదించేవారున్నారు. ఆ వాదన నిలవదు. వినియోగం శిఖరం నుంచి దిగినా సిఫారసు చేసిన హద్దు కన్నా పైనే ఉంది. అంతకు ముందే పెరిగిన బరువు, చక్కెర కాస్త తగ్గినంత మాత్రాన దానంతట అది దిగిపోదు. అన్నిటికన్నా ముఖ్యంగా, మొత్తం తిండి తగ్గలేదు.

చక్కెర బరువును ఏ దారిలో పెంచుతుందన్న విషయంలో నాకు అన్నిటికన్నా స్పష్టంగా కనిపించే ఆధారం, న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయం పరిశోధకులు లీసా టె మొరెంగా బృందం 2013లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించిన సమీక్ష. ఇష్టం వచ్చినంత తినే స్వేచ్ఛ ఉన్నవారిలో చక్కెర తగ్గించినప్పుడు సగటున 0.8 కిలోల బరువు తగ్గింది, చక్కెర పెంచినప్పుడు దాదాపు అంతే పెరిగింది. కానీ చక్కెరను తీసేసి అన్నే కేలరీలు ఇచ్చే వేరే పిండి పదార్థాలు పెట్టిన ప్రయోగాల్లో బరువులో మార్పే రాలేదు. అంటే చక్కెర మనచేత ఎక్కువ తినిపించడం ద్వారా లావు చేస్తుంది, కేలరీలకు మించిన ప్రత్యేక శక్తి దానికి లేదు. చక్కెరకు బదులు మరొకటి అంతే మోతాదులో పెడితే ఫలితం సున్నా. మీ ఇంట్లో పంచదార పోయి బెల్లం రావడం ఈ రెండో రకం ప్రయోగమే, ఒక జేబులోంచి తీసి మరో జేబులో వేసుకున్నట్టు.

మరి మనచేత ఎక్కువ తినిపిస్తున్నది ఏది? అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో కెవిన్ హాల్ బృందం 2019లో ప్రచురించిన ప్రయోగం ఇక్కడ బాగా పనికొస్తుంది. ఇరవై మందిని నాలుగు వారాల పాటు పరిశోధనాలయంలోనే ఉంచి, రెండు వారాలు ఫ్యాక్టరీలో తయారైన అతిశుద్ధ ఆహారం, రెండు వారాలు ఇంటి వంట తరహా ఆహారం పెట్టారు. వడ్డించిన భోజనాల్లో కేలరీలు, చక్కెర, కొవ్వు, పీచు, ఉప్పు సమానంగా ఉండేట్టు చూశారు. కావలసినంత తినమన్నారు. అతిశుద్ధ ఆహారం పెట్టిన రోజుల్లో వారు రోజుకు సుమారు 500 కిలోకేలరీలు ఎక్కువ తిన్నారు, రెండు వారాల్లోనే 0.9 కిలోలు పెరిగారు. రెండో ఆహారంలో అంతే తగ్గారు. రెండు పళ్లేల్లోనూ చక్కెర వాటా ఒకటే అయినా ఇంత తేడా వచ్చిందంటే కారణం ఆ ఆహారం మెత్తదనంలో, తినే వేగంలో, ముద్ద ముద్దకూ కుక్కిన కేలరీల్లో వెతకాలి. "చక్కెర కలపలేదు" అని రాసి అమ్మే ఖర్జూరం బిస్కెట్, మిల్లెట్ చిప్స్, ఓట్స్ నూడుల్స్ కొనేటప్పుడు ఈ ప్రయోగం గుర్తుంచుకోవడం మంచిది.

మన దగ్గరి పరిస్థితికి వస్తే, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో అధిక బరువు లేదా ఊబకాయం ఉన్నవారు దేశంలో 24 శాతమైతే ఆంధ్రప్రదేశ్‌లో 36 శాతం, తెలంగాణలో 30 శాతం. దీన్నంతా పంచదార ఖాతాలో వేయడం కుదరదు. మన దేశంలో తలసరి పంచదార ఏడాదికి సుమారు 20 కిలోలు. వంటనూనె కూడా దాదాపు అంతకు చేరింది, 19.7 కిలోలని నీతి ఆయోగ్ 2024 నివేదిక చెప్పింది. తూకం ఒకటే అయినా నూనె ఇచ్చే కేలరీలు రెండింతలకు పైనే. ఇక అన్నం సంగతి. భారత వైద్య పరిశోధన మండలి మధుమేహం మీద జరిపిన ఇండియాబ్ సర్వే నుంచి 2025లో వెలువడిన ఫలితాల ప్రకారం మనవారి కేలరీలలో 62 శాతం పిండి పదార్థాల నుంచే వస్తున్నాయి, మాంసకృత్తుల వాటా తక్కువ. తెల్లన్నం మాని గోధుమ పిండికో చిరుధాన్యాల పిండికో మారినంత మాత్రాన మధుమేహం ముప్పు తగ్గలేదని, పిండి పదార్థాల్లో కొంత భాగాన్ని పప్పులు, పాలు, పెరుగు వంటి వాటి మాంసకృత్తులతో భర్తీ చేసిన చోట తగ్గిందని అదే అధ్యయనం సూచించింది. పంచదార నుంచి బెల్లానికి మారినప్పుడు మీకు ఎదురైనదీ ఇదే సూత్రం.

దీనికి తోడు మన శరీర నిర్మాణం. పుణె వైద్యులు చిత్తరంజన్ యాజ్ఞిక్, ఆయన బ్రిటిష్ సహచరుడు జాన్ యుడ్‌కిన్ కలిసి దిగిన ఒక ఫొటో 2004లో లాన్సెట్‌లో అచ్చయింది. ఇద్దరి బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువు సూచిక, 22.3. కానీ శరీరంలో కొవ్వు శాతం యుడ్‌కిన్‌కు 9.1, యాజ్ఞిక్‌కు 21.2. సన్నగా కనబడే భారతీయుడి ఒంట్లో ఎంత కొవ్వు దాగి ఉండగలదో ఇంత సూటిగా చూపినది నేను మరొకటి చూడలేదు. అందుకే మనకు బీఎంఐ 23 దాటితే చాలు అధిక బరువని, నడుము చుట్టుకొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటితే ముప్పు అని లెక్క. శారీరక శ్రమ కూడా పడిపోయింది. 2022 నాటికి భారతీయ పెద్దల్లో సగం మంది చాలినంత కదలడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధకుల అంచనా, స్త్రీలలో ఆ శాతం ఇంకా ఎక్కువ.

తాగే తీపిని విడిగా ప్రస్తావించాలి, ఎందుకంటే చక్కెర నిజంగా ఎక్కువ హాని చేసేది అక్కడే. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో 2000లో జరిగిన ఒక చిన్న ప్రయోగంలో, రోజుకు 450 కిలోకేలరీలను కొన్ని వారాలు నమిలే మిఠాయిలుగా, కొన్ని వారాలు శీతల పానీయంగా ఇచ్చారు. మిఠాయిలు తిన్నప్పుడు ఆ మేరకు తక్కిన తిండి తగ్గించుకున్నారు, పానీయం తాగినప్పుడు తగ్గించుకోలేదు. ద్రవం కడుపు నింపినట్టు మెదడుకు సరిగా తెలియదు. చెరకు రసం, సుగంధి, బెల్లం టీ, తేనె కలిపిన నిమ్మరసం, మీ అబ్బాయి బడి నుంచి వచ్చి తాగే డబ్బా జ్యూసు, అన్నీ ఈ కోవలోకే వస్తాయి. పండు తింటే పీచు ఉంటుంది, నమలాలి, కడుపు నిండుతుంది. అదే పండును రసం తీస్తే మిగిలేది తీపి నీళ్లే. "నూరు శాతం పండ్ల రసం" అన్న రాతను తీసేయమని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2024 జూన్‌లో కంపెనీలను ఆదేశించింది.

స్టీవియా గురించి. ఆకు నుంచి తీసిన స్టీవియోల్ గ్లైకోసైడ్‌లు అనే పదార్థాలు పంచదార కన్నా రెండు మూడు వందల రెట్లు తీపి, కేలరీలు లేవు. మన దేశంలో 2015 నుంచి అనుమతి ఉంది. నిర్ణీత మోతాదులో సురక్షితమే. అది బరువు తగ్గిస్తుందా అంటే, దేని స్థానంలో వాడుతున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. కృత్రిమ తీపి కలిపిన పానీయాలతో నెదర్లాండ్స్‌లో 641 మంది పిల్లల మీద చేసి 2012లో ప్రచురించిన ప్రయోగంలో, రోజూ తాగే చక్కెర పానీయం బదులు చక్కెర లేనిది ఇచ్చినప్పుడు ఏడాదిన్నరలో పిల్లలు సుమారు ఒక కిలో తక్కువ పెరిగారు. మరోవైపు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మేలో, బరువు అదుపు కోసం స్టీవియాతో సహా చక్కెరేతర తీపి పదార్థాల మీద ఆధారపడవద్దని సూచించింది, ఎందుకంటే దీర్ఘకాలంలో వాటివల్ల మేలు కనిపించలేదు. ఆ సూచన ఇప్పటికే మధుమేహం ఉన్నవారికి వర్తించదు. నా అనుభవంలో చక్కెర మానేందుకు మధ్యలో కొన్నాళ్లు ఆసరాగా స్టీవియా పనికొస్తుంది. ఎప్పటికీ వాడుతూ పోతే నాలుక అదే తీపిని కోరుతూనే ఉంటుంది. మీవారి డబ్బా వెనుక చదవండి. చాలా పొడులలో స్టీవియా పిసరంతే ఉండి, తక్కినది మాల్టోడెక్స్‌ట్రిన్ లేదా డెక్స్‌ట్రోజ్ అయి ఉంటుంది, అవి రక్తంలో గ్లూకోజ్ పెంచుతాయి. కాఫీలో స్టీవియా వేసుకుని పక్కన నాలుగు బిస్కెట్లు తింటున్నారేమో కూడా చూడండి.

ఇప్పుడు చేయవలసినది. బెల్లం, పంచదారలలో మీకు ఏది రుచిస్తే అదే వాడండి, ఆ ఎంపిక మీద ఇక శక్తి ఖర్చు చేయవద్దు. నెలకు అన్నీ కలిపి రెండు కిలోలు అని గీత గీయండి, అంటే మనిషికి రోజుకు 17 గ్రాములు, బయట తినే తీపికి కొంత చోటు మిగులుతుంది. టీలో తీపిని ఒక్కసారిగా మానేయకుండా రెండు వారాలకొకసారి పావు వంతు తగ్గించండి. నాలుక నెమ్మదిగా అలవాటు పడుతుంది, రెండు మూడు నెలల తరువాత పాత తీపి మీకే వెగటనిపిస్తుంది. నూనె నెలకు మూడున్నర లీటర్లకు దింపండి. నెల మొదట్లోనే ఆ మేరకు తీసి విడిగా పెట్టుకుని, అది అయిపోతే మళ్లీ కొనకుండా ఉండడమే నాకు తెలిసిన నమ్మదగిన పద్ధతి, గరిటెతో కొలిచి పోస్తామన్న సంకల్పం వారం దాటదు. అన్నం పళ్లెంలో ముందు కూర, పప్పు వడ్డించుకుని చివర అన్నం పెట్టుకోండి, పరిమాణం దానంతట అదే తగ్గుతుంది. పొద్దున ఇడ్లీ, దోసెలతో పాటు గుడ్డో, ఉడికించిన శనగలో, గిన్నెడు పెరుగో ఉండాలి. రాత్రి భోజనం అయ్యాక ఇంటిల్లిపాదీ ఇరవై నిమిషాలు నడవండి.

మీవారికి పరగడుపు గ్లూకోజ్, రెండు మూడు నెలల సగటు గ్లూకోజ్‌ను చూపే హెచ్‌బీఏ1సీ పరీక్షలు చేయించండి, భయంతో స్టీవియా వాడడం కన్నా అంకె తెలుసుకోవడం మేలు. రెండేళ్లలో నాలుగు కిలోలు పెరిగిన మీకు అలసట, జుట్టు రాలడం వంటివి కూడా ఉంటే థైరాయిడ్ పరీక్ష ఒకసారి అవసరం. అత్తగారు మధుమేహానికి మాత్రలో ఇన్సులినో వాడుతున్నట్లయితే ఆమె తిండిలో మార్పులు వైద్యుణ్ని అడిగాకే చేయండి, మోతాదు తగ్గించకుండా తిండి తగ్గిస్తే గ్లూకోజ్ పడిపోవచ్చు.

అబ్బాయి విషయంలో తొందర వద్దు. ఎదిగే వయసు కనుక బరువు తగ్గించడం లక్ష్యం కాకూడదు, ఎత్తు పెరుగుతుంటే బరువు నిలకడగా ఉంటే చాలు. వాడి ముందు లావు, పొట్ట అన్న మాటలు ఇంట్లో ఎవరూ అనకూడదు, అత్తగారికి ఈ సంగతి మీవారు చెబితే బాగుంటుంది. స్టీవియా వాడికి అక్కర్లేదు. పాలలో తేనె మానేసి మొదటి కొద్ది రోజులు అరటిపండు ముక్కలు కలిపి ఇవ్వండి, తరువాత వట్టి పాలకు అలవాటు పడతాడు. డబ్బా జ్యూసు ఇంటికి తేవడం ఆపండి. సాయంత్రం వచ్చేసరికి వేయించిన వేరుశనగలు, జామకాయ, మజ్జిగ బల్ల మీద సిద్ధంగా ఉంచండి, ఆకలి మీద ఉన్న పిల్లవాడు ఎదురుగా కనిపించినదే తింటాడు. ప్రతి ఆరు నెలలకు ఎత్తు, బరువు, నడుము కొలత ఒక పుస్తకంలో రాసి, పిల్లల వైద్యుడికి చూపించి ఎదుగుదల పట్టికతో పోల్చమనండి.

మూడు నెలల తరువాత మళ్లీ రాయాలనుకుంటే, బరువుతో పాటు నలుగురి నడుము కొలతలు, ఆ మూడు నెలల నూనె, తీపి, బియ్యం లెక్క కూడా పంపండి. వాటిని ఇప్పటి పట్టీ పక్కన పెట్టి చూస్తే తరువాత ఏది మార్చాలో చెప్పగలను.